అవతలి మంచు

మొన్న సోమవారం పొద్దున మా అమ్మాయి మీద చెయ్యి చేసుకున్నాను. ఏడేళ్ళ పిల్ల. స్కూల్ బస్ వచ్చే వేళకి బ్యాగ్ తగిలించుకుని, గుమ్మంలో నిలబడి, "అమ్మా, పోతున్నా" అంది. అంతే, నా చెయ్యి దానంతటదే లేచింది. దెబ్బ పెద్దది కాదు గానీ పిల్ల బిత్తరపోయింది. తెలుగులో మాట్లాడినందుకు మెచ్చుకుంటాననుకుంది పాపం. మా పై వాటాలో ఉండే వరంగల్ అంకుల్ ఆఫీస్‌కి బయల్దేరేటప్పుడు ఇంట్లోవాళ్ళకి అలాగే చెప్తాడట, విని నేర్చుకుంది.

అలా అనకూడదు, వెళ్ళొస్తాను అనాలి అని చెప్పబోయాను. ఆ మాటా నా నోట్లోంచి రాలేదు. పిల్ల పుట్టక ముందు నుంచీ మా ఇంట్లో ఆ రెండు మాటలూ లేవు. బై అనుకుంటాం, తలుపు వేసుకుంటాం.

బస్ కదిలాక మెట్ల మీద కూలబడ్డాను. న్యూజెర్సీలో, మా పిస్కాటవేలో నవంబరు అంటే వాకిట్లో ఆకులు ఊడ్చుకునే కాలం. పక్కింటాయన ఆకులు ఊడుస్తూ చెయ్యి ఊపాడు, నేనూ ఊపాను. కానీ నా కళ్ళ ముందున్నది ఆయన కాదు. వెస్ట్ వర్జీనియాలో ఒక కొండ నెత్తి మీది బీడు. ఆ బీడులో నల్ల గొంగడి కప్పుకుని, నేల మీద ఏదో పడిపోయినట్టు వంగి నడిచే ఒక మనిషి. ఆయన పేరు రాయను. ఆయన నన్ను చెల్లె అనేవాడు, నేను అన్నా అనేదాన్ని. ఆయన భార్య నాకు వదిన. ఈ రాతకి ఆ వరసలు చాలు.

డెబ్బైల చివర మా ఆయన డాక్టర్‌గా రెసిడెన్సీ చెయ్యడానికి ఆ బొగ్గుగనుల ఊరికి వెళ్ళాం. ఆస్పత్రి ల్యాబ్‌లో నాకు పని దొరికింది. నా పక్క బల్ల దగ్గర పనిచేసేది ఆ అన్న. బాటనీలో పీహెచ్‌డీ చేసిన మనిషి, ఆ చదువుకి తగ్గ ఉద్యోగం దొరక్క మూత్రం సీసాలకీ రక్తం గొట్టాలకీ చీటీలు అంటిస్తూ ఉండేవాడు. ఎవరైనా అయ్యో అంటే మైక్రోస్కోప్ ఉన్నది, కూసోనీకి కుర్చీ ఉన్నది, ఇంకేం కావాలె అనేవాడు. మెదక్ వైపు పల్లె ఆయనది, వాళ్ళ నాన్న గొర్రెలు కాసినవాడు. వదినది బాపట్ల దగ్గర క్రైస్తవ కుటుంబం, అదే ఆస్పత్రిలో నర్స్. ఇద్దరూ హైదరాబాద్‌లో కలిసి, ఇష్టపడి, రెండు వైపులవాళ్ళ చేతా తిట్లు తిని పెళ్ళి చేసుకున్నారు. పిల్లలు లేరు.

ల్యాబ్‌లో ఆయన దగ్గర నేను తిన్నన్ని చీవాట్లు మా అమ్మ దగ్గర కూడా తినలేదు. ఒకసారి ఒక గని కార్మికుడి రక్తం రిపోర్ట్ రాయాల్సి వచ్చింది. అతని భార్య బయట బెంచీ మీద కూర్చుని ఉంది, కాగితం ఆమె చేతికే ఇవ్వాలి. ఆమె మొహం చూసి నాకు చెయ్యి ఆడక, అంకె వెయ్యాల్సిన చోట కొంచెం తక్కువ అని రాశాను. ఆయన ఆ కాగితం తీసుకుని, నా మాట కొట్టేసి, అంకె వేశాడు.

"కొంచెం అంటే ఎంత చెల్లె? డాక్టర్ నీ జాలిని చూసి మందు రాయడు. ఉన్నది ఉన్నట్టు రాయి" అన్నాడు.

నాకు రోషం వచ్చింది. మనిషన్నాక కాస్త మెత్తగా చెప్పాలి కదా, మాటలు రాళ్ళా విసరడానికి అని గొణిగాను. ఆయన నవ్వి తర్వాతి గొట్టం అందుకున్నాడు. మెత్తగా చెప్పడం మంచితనమని నాకు అప్పట్లో గట్టి నమ్మకం.

ఆదివారాలు వదిన ఇంట్లో తెలుగు ప్రార్థన జరిగేది. గంటా గంటన్నర డ్రైవ్ చేసుకుని నాలుగైదు కుటుంబాలు వచ్చేవి. నేను క్రైస్తవురాలిని కాదు గానీ తెలుగు వినబడుతుందనీ, వదిన పులిహోర చేస్తుందనీ వెళ్ళేదాన్ని. ఆయన పది నిమిషాలు బుద్ధిగా కూర్చుని, మొదటి పాట అవ్వగానే లేచి గొంగడి భుజాన వేసుకునేవాడు. గుమ్మంలో ఆగి, అందరూ కళ్ళు మూసుకుని ఉన్నా సరే, "పోతున్న" అనేవాడు.

వదిన కళ్ళు ఠక్కున తెరుచుకునేవి. ప్రార్థన మధ్యలో లేచి, ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కొచ్చి, కుర్చీలో కూలేసి, గ్లాసుడు మంచినీళ్ళు చేతిలో పెట్టేది. అపశకునం విరగడానికి మా వైపు చేసే పని అది. శకునాలు నమ్మకూడదని వాళ్ళ పాస్టరు ఎన్ని సార్లు చెప్పినా ఈ ఒక్క భయం ఆమెని వదల్లేదు. ఆయన బుద్ధిగా నీళ్ళు తాగి, గ్లాసు ఆమెకిచ్చి, మళ్ళీ పోతున్న అని చెప్పి వెళ్ళిపోయేవాడు. శుభం పలకరా మంకెన్నా అంటే ఇలాంటివాళ్ళని చూసే అని ఉంటారు అని నేను వెక్కిరించేదాన్ని.

ఒకసారి నాతో అన్నాడు. "మీ కోస్తోళ్ళకు పోవుడంటే సచ్చుడే. మాకు పోవుడంటే పోవుడే చెల్లె. వెళ్ళొస్త అని ముందుగాల్నే ఎట్ల చెప్తరు? వచ్చుడు నా చేతుల ఉన్నదా? వచ్చినంక చెప్త, వచ్చిన అని."

అలాగే చెప్పేవాడు కూడా. సాయంత్రం వచ్చి, ముళ్ళు గుచ్చుకున్న గొంగడి గుమ్మంలో దులిపి, "వచ్చిన" అనేవాడు. అది వినేదాకా వదిన పొయ్యి మీదివి దించేది కాదు.

ఆయన పోయేది ఆ కొండ మీదికే. ఊరి నుంచి గంట ప్రయాణం. రోడ్డు ఎక్కి ఎక్కి, ఇంక కొండ లేదనగా ఒక్కసారి విప్పారే మైదానం అది. అక్కడ చెట్టన్నది ఎదగదు. ఏడాది పొడుగునా పడమటి గాలే. ఎటు చూసినా మోకాలెత్తు పొదలు, బ్లూబెర్రీ, హకిల్‌బెర్రీ, ఇంకా నాకు పేర్లు తెలియనివి. మధ్యమధ్య తెల్ల బండలు, నీళ్ళు తాగి ఉబ్బిన నాచు. ఎక్కడైనా ఒక స్ప్రూస్ చెట్టు నిలబడితే దానికి తూర్పు వైపే కొమ్మలు. పడమటి వైపు కొమ్మల్ని గాలి తినేసింది. పొదల పైన చాలా కిందుగా ఒక గద్ద ఎగిరేది, ఎలకల కోసం. మనుషుల గొంతుతో గొణుక్కునే పెద్ద పెద్ద కాకులుండేవి. రోడ్డుకి మైలున్నర దూరంలో తెల్ల రాళ్ళ వరస ఒకటి మైదానాన్ని అడ్డంగా కోస్తుంది. దానికి ఇవతల మేం తిరిగే భాగం. అవతల నేల ఉత్తరానికి వాలి లోయలోకి దిగుతుంది. అటు ఎవరూ వెళ్ళరు.

ఆయన దాన్ని గైరాను అనేవాడు. వాళ్ళ ఊళ్ళో పశువులూ గొర్రెలూ మేసే ఉమ్మడి బీడుకి ఆ పేరట. మొదటిసారి నన్నూ వదిననీ తీసుకెళ్ళినప్పుడు, ఇంత దూరం వచ్చింది ఈ ముళ్ళ కంప చూడ్డానికా అని నేను విసుక్కున్నాను. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, ఒక పొద మొదట్లో వేళ్ళతో తవ్వి, నల్లటి మన్ను పిడికెడు తీసి చూపించాడు. ఇది పుట్టుబీడు కాదన్నాడు. ఒకప్పుడు నిలువెత్తు అడవి ఉండేదట. కొట్టేశారు, తర్వాత అంటుకుంది, మన్ను కూడా కాలింది, కింద బండ తేలేదాకా. ఆ కాలిన చోట మొదట వచ్చినవి ఈ పొదలే.

"వాసన చూడు, ఇప్పటికీ కమురు ఉన్నది" అని నా ముక్కు దగ్గర పెట్టాడు.

నాకు తడి మన్ను వాసన తప్ప ఏమీ రాలేదు. అవును, వస్తోంది అన్నాను.

"అబద్ధం" అన్నాడాయన, ఏమాత్రం కోపం లేకుండా. మన్ను మళ్ళీ అదే గుంటలో పోసి, అరచేత్తో అదిమాడు.

అక్కడ ఆయన నడిచే తీరు వేరు. ల్యాబ్‌లో కాళ్ళీడ్చేవాడు, కొండ మీద కాలు పెట్టేచోటు చూసి చూసి పెట్టేవాడు. పండు కనబడితే ముందు నోట్లో వేసుకుని తర్వాత పేరు చెప్పేవాడు. బ్లూబెర్రీలు తింటూ మా పరికి పండ్ల ముందు ఇవెంత అనేవాడు, అంటూనే టోపీ నిండా ఏరేవాడు. నాచుని మణికట్టు పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో నొక్కి చూసేవాడు. చొక్కా జేబులో చిన్న పుస్తకం, పెన్సిల్ ముక్క. ఏది చూసినా తెలుగులో రాసుకునేవాడు. ఇంగ్లీష్‌లో రాస్తే ఎవరికో చూపించాలనిపిస్తుంది, ఇది ఎవరికీ కాదు అనేవాడు.

ఆ మనిషి మనసు పెట్టుకున్నది కుందేళ్ళ మీద. ఆ కొండ కుందేళ్ళకి చలికాలం రాగానే బొచ్చు తెల్లబడుతుంది. పెద్ద పెద్ద పాదాలు, మంచులో దిగబడవు. మా పిల్ల నా కడుపులో పడ్డ సంవత్సరం అక్టోబరు చివర మేం ముగ్గురం వెళ్ళాం. పొదల ఎరుపు పోయి తుప్పు రంగు మిగిలింది. మంచు ఇంకా పడలేదు. మాకు పది అడుగుల దూరంలో, ఆ తుప్పు రంగు నేల మీద, తెల్లటి కుందేలు ఒకటి కదలకుండా కూర్చుని ఉంది. ఎవరికీ కనబడటం లేదనుకుంటోంది. అర మైలు దూరం నుంచైనా కనబడుతుంది.

వదిన నవ్వింది, నేనూ నవ్వాను. ఆయన మొదట నవ్వి, తర్వాత ఆపేశాడు.

"తెల్లబట్ట కట్టుకున్నది, మంచు రాలె. దానికెవరు చెప్పాలె?" అన్నాడు.

గద్ద తిరుగుతూనే ఉంది. మేం చూస్తుండగా ఏమీ కాలేదు, కానీ ఆయన అక్కణ్ణించి కదలనన్నాడు. గంటసేపు ఆ కుందేలుకీ గద్దకీ మధ్య నిలబడ్డాడు, గొంగడి రెండు చేతులతో చాపి. చలికి మా పళ్ళు టకటకలాడుతున్నాయి, ఈయనకి పిచ్చి ముదిరిందని వదిన తిడుతోంది. ఆ వారమంతా ల్యాబ్‌లో కూడా అదే ధ్యాస. మంచు ఆలస్యమైతే అవి ఏం చేస్తాయి, ఎటైనా పోతాయా అని ఆస్పత్రి వంటాయనతో సహా కనబడ్డ వేటగాణ్ణల్లా అడిగాడు.

ఆ తర్వాతి శనివారం మళ్ళీ వెళ్ళాం. నాకు మూడో నెల, వేవిళ్ళు, ఘాట్ రోడ్డు మలుపులకి కడుపులో తిప్పింది. కారు ఆపగానే నేను దిగలేనన్నాను. వదిన నాకు తోడుగా వెనక సీట్లో ఉండిపోయింది. ఆయన దిగి, నా వైపు వచ్చి, నేను వణకడం చూసి తన గొంగడి తీసి నా మీద కప్పాడు. గొర్రెల వాసన, పొగాకు వాసన. వద్దు, అన్నా, మీకు చలి అన్నాను. నీకు ఇద్దరి చలి అన్నాడు. పల్చటి జాకెట్ జిప్ పైకి లాక్కున్నాడు. గాలి కోసం నేను దించుకున్న అద్దం మీద చెయ్యి పెట్టి వంగి, "అవతలికి పోతున్న" అన్నాడు.

కడుపులో బిడ్డ ఉన్నదాని మొహం మీద ఆ మాటా. వెళ్ళండి వెళ్ళండి, త్వరగా రండి అని కసురుకున్నాను. ఆ రోజు వదిన దిగి ఆయన్ని లాక్కురాలేదు, నీళ్ళివ్వలేదు. నా తల ఆమె ఒళ్ళో ఉంది. నన్ను కదపడం ఇష్టం లేక అలాగే కూర్చుంది. ఆ గాలిలో ఆ మాట ఆమెకి వినబడలేదనుకున్నాను.

రెండు గంటలకి మబ్బు కిందికి దిగింది. మూడింటికి కారు ముందు భాగం కూడా కనబడలేదు. హారన్ కొట్టాం. దిగి కేకలు వేశాం. గాలి మా కేకల్ని మా నోట్లోనే కుక్కింది. చీకటి పడే ముందు వదినే డ్రైవ్ చేసుకుని కిందికి దిగి ఫోన్ చేసి, మళ్ళీ అదే చోటికి తెచ్చి కారు ఆపింది. ఫారెస్ట్ రేంజర్ ఒకాయన ఇద్దరు మనుషులతో వచ్చాడు. పెద్దమనిషి, నెమ్మదస్తుడు. బానెట్ మీద మ్యాప్ పరిచి, టార్చ్ వేసి, ఒక్కొక్కటే అడిగాడు. ఏం వేసుకున్నాడు, ఏం తిన్నాడు, దెబ్బలేమైనా ఉన్నాయా. తర్వాత, చివరగా ఏమన్నాడు, ఆయన మాటల్లోనే సరిగ్గా చెప్పండి అన్నాడు.

నేనే చెప్పాలి. ఆయన వంగి చెప్పింది నాకు. వదిన నా చెయ్యి పట్టుకుని ఉంది, ఆమె గోళ్ళు నా అరచేతిలో దిగుతున్నాయి, కళ్ళు నా నోటి మీదే ఉన్నాయి. అవతలికి పోతున్న. ఆ మాట ఆవిడ ముందు, ఆ వేళప్పుడు, ఎలా అనను? ఏ నోటితో అనను? మా వైపు ఆ మాటకి ఒకటే అర్థం.

వెళ్ళొస్తానన్నారు అని చెప్పాను. ఇంగ్లీష్‌లో. వెళ్ళి తిరిగి వస్తాను అన్నారని.

ఇక్కడికేనా, ఈ కారు దగ్గరికేనా అని రేంజర్ అడిగాడు. నేను వదిన వైపు చూశాను. వదిన తల ఊపింది. అవును అన్నాను.

రేంజర్ పెన్సిల్‌తో మ్యాప్ మీద ఒక సున్నా చుట్టాడు. రోడ్డుకీ రాళ్ళ వరసకీ మధ్య. తిరిగొచ్చే ఉద్దేశం ఉన్న మనిషి ఈ మబ్బులో రాళ్ళు దాటడు, ఇక్కడే ఎక్కడో చుట్టూ తిరుగుతుంటాడు అన్నాడు. ఆదివారం తెల్లారి నుంచి ముప్పై మంది ఆ సున్నా లోపల వెతికారు. ప్రార్థనకి వచ్చేవాళ్ళంతా వచ్చారు. మా ఆయన డ్యూటీ మానేసి వచ్చాడు. చేతికీ చేతికీ మధ్య నాలుగు గజాలు విడిచి వరసగా నడిచారు, ఆయన పేరు పెట్టి అరుస్తూ. నేను గొంగడి కప్పుకుని కారులో కూర్చున్నాను. ఒట్టిమనిషివి కాదు, దిగొద్దన్నారు అందరూ. ఆయన గొంగడి, నా మీద. రెండో పూట కూడా మబ్బు విడలేదు.

సోమవారం ల్యాబ్‌లో మనుషులు లేరు, ఒక్క గంట వచ్చి పొమ్మన్నారు. రంగు సీసా కోసం ఆయన సొరుగు లాగాను. జేబు పుస్తకం కాక, బల్ల దగ్గర ఆయన రాసుకునే ఇంకో పుస్తకం అందులో తెరిచే ఉంది. చివరి పేజీలో శుక్రవారం రాసుకున్నది ఒకటే వాక్యం. వంటాయన చెప్పిండు, రాళ్ళ అవతల మంచు పడ్డదట, కుందేళ్ళు అవతలికి పోతున్నయేమో, పోయి చూడాలె.

అవతలికి. శనివారం నుంచీ నా నోట్లోనే ఉన్న మాట.

పరుగెత్తి ఫోన్ అందుకున్నాను. రాళ్ళ అవతల వెతకండి అన్నాను. ఆయన అలాగని ఎప్పుడు చెప్పాడు అని రేంజర్ అడిగాడు. అప్పుడైనా చెప్పొచ్చు కదా. చెప్పలేదు. ఆయన పుస్తకంలో ఉంది, ఇప్పుడే చూశాను అన్నాను. అది నిజమే, అందుకే నా నోటికి అంత తేలిగ్గా వచ్చింది.

రెండు గంటల్లో దొరికాడు. రాళ్ళు దిగాక నాలుగు వందల గజాల్లో. పొదలు కప్పేసిన బండల సందులో కాలు దిగబడి, మోకాలి కింద విరిగింది. ఎండు నాచు పీక్కుని జాకెట్ లోపల కుక్కుకున్నాడు, కాళ్ళ మీద పొదలు విరిచి కప్పుకున్నాడు. గొర్రెలు కాసిన ఇంటి మనిషికి ఆ తెలివి ఉంటుంది. శనివారం రాత్రి గడిచింది, ఆదివారం సాయంత్రందాకా ప్రాణం ఉండే ఉంటుంది అన్నాడు డాక్టరు. ఒక్క గొంగడి ఉంటే ఇంకో రాత్రి కూడా గడిచేదేమో. అది డాక్టరు అనలేదు, నేనంటున్నాను.

వదినకి సూది మందిచ్చి పడుకోబెట్టారు. ఆయన జేబులోని చిన్న పుస్తకాన్ని రేంజర్ నా చేతికిచ్చి, ఇది మీ భాష, ఇందులో ఏముందో చెప్పండి అన్నాడు. ఆస్పత్రి కారిడార్‌లో నిలబడి చదివాను. చదివి, కుందేళ్ళ లెక్క అన్నాను. రేంజర్ టోపీ తీసి పక్కకి వెళ్ళాక చివరి కాగితం చింపి నా హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకున్నాను. మిగతా పుస్తకం వదినకి ఇచ్చాను. ఆవిడ తట్టుకోలేదని నాకు నేను చెప్పుకున్నాను. అది జాలి కాదు, నా పిరికితనం. నా పాడునోరు ఆ రోజు పడిపోయినా బాగుండేది, చేతులతోనైనా సైగ చేసేదాన్ని, అదిగో ఆ రాళ్ళ అవతలికి అని.

గొంగడి ఆయనతోపాటే పెట్టెలో పెట్టారు. వదిన మరుసటి ఏడాది టెక్సస్ వెళ్ళిపోయింది. ఇప్పుడు కాపెల్‌లో ఉంటుంది, అక్కడికి దగ్గర్లోనే ఆస్పత్రిలో పని. క్రిస్మస్‌కి కార్డ్ పంపుతుంది, పిల్ల పుట్టినరోజుకి గౌను పంపుతుంది. ఫోన్‌లో ఆరోగ్యాలు అడుగుతుంది. ఆయన మాట నేను ఎత్తను, తనూ ఎత్తదు. ఇన్నేళ్ళూ ఇదే.

మొన్న మెట్ల మీద నుంచి లేచి లోపలికి వెళ్ళేసరికి పన్నెండయింది. బీరువా అడుగున, పాస్‌పోర్ట్‌ల కింద, ఆ కాగితం తీశాను. పిల్ల మూడున్నరకి వస్తుంది. పొద్దున ఎందుకు కొట్టావు అని అడిగితే ఏం చెప్పను? ఆ ప్రశ్న నన్ను ఫోన్ దగ్గరికి తోసింది. వదినకి ఆ రోజు సెలవు, ఇంట్లోనే ఉంది. పలకరింపులు కాకముందే చెప్పేశాను. ఆ రోజు అన్న నాతో వెళ్ళొస్తానని అనలేదు వదినా, అవతలికి పోతున్న అన్నాడు, రేంజర్‌కి నేను మార్చి చెప్పాను అన్నాను. ఎన్నేళ్ళుగానో మింగి దాచుకున్నది, మూడు ముక్కల్లో అయిపోయింది.

అవతల వంటింటి కుళాయి కట్టేసిన చప్పుడు వినబడింది.

"నాకు తెలుసు" అంది వదిన. "నేనూ విన్నాను. అద్దం దించే ఉంది కదమ్మా."

కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"నా ముందు అనలేక నువ్వు మింగావు. నువ్వే అనలేదు కదా అని నేను మింగాను. రేంజర్ అడిగితే తల కూడా ఊపాను. పెళ్ళయిన నాటి నుంచీ ఆ మాట ఆయన చేత అననివ్వకూడదని చూశాను. కనీసం ఆ ఒక్కరోజైనా ఆయన అనలేదనుకుంటే చాలనుకున్నాను."

ఇద్దరం ఏడ్చాం. ఏడిస్తే ఏమొస్తుంది, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం. కాసేపటికి వదిన నర్స్ గొంతుతో అడిగింది. ఆ చిన్న పుస్తకంలో చివరి కాగితం చింపింది నువ్వేనా అని. చింపిన అంచు అప్పుడే చూశానంది. నేనే అన్నాను. నీ దగ్గరే ఉందా అంది. చేతిలోనే ఉంది అన్నాను.

"చదువు" అంది. "ఈసారి మార్చకు."

పెన్సిల్ రాత. పైన ఉన్నది ఎప్పటి ఆయన చేతిరాతే, కిందికి వచ్చేకొద్దీ అక్షరాలు విరిగిపోయాయి. ఉన్నది ఉన్నట్టు చదివాను.

"శనివారం. అవతల మంచు ఉన్నది. తెల్లవి ఏడు. అన్నీ మంచు మీదనే ఉన్నయి. దగ్గరికి పోతే గాని కనపడుతలేవు. మంచిగున్నయి. కాలు విరిగింది.

ఆదివారం. ఇవతల్నించి నన్ను పిలుస్తున్నరు. నాకు వినొస్తున్నది. నేను పిలిస్తే వాళ్ళకు వినొస్తలేదు. ఇటు వస్తరు."

ఆగాను. అంతేనా అంది వదిన. అంతే అన్నాను.

"ఇంకోసారి చదువు" అంది.

చదివాను. మళ్ళీ చదవమంది. మూడున్నరకి పిల్ల వచ్చి తలుపు కొట్టేసరికి నేనింకా ఆ చివరి మాట దగ్గరే ఉన్నాను.